నువ్వు వేళ్ళు

ఏడువందల నలభై కుర్చీలు తెచ్చానంటాడు బైరాగి సాహు.
ఏడువందల ముప్పయ్యారే ఉన్నాయంటాడు వాళ్ళబ్బాయి.
టార్చి పట్టుకుని మళ్ళీ మొదటి వరస నుంచి.
ఆ నాలుగు కుర్చీల వల్ల
మూడు రోజుల కళోత్సవం ఇంకా అయిపోలేదు.

సగం ఊడిన బ్యానరు
గోపాల్‌పూర్ గాలికి ఒక చెవి విదిలిస్తోంది.
మొన్న లైబ్రరీ మెట్ల ముందు ఆడపిల్లలు
బియ్యప్పిండితో వేసిన ఝోటి కమలాల మీద
టెంట్‌హౌస్ వ్యాను రెండుసార్లు రివర్సు చేసింది.
టైరు గాడిలో రెండు రేకులు మిగిలాయి.
వాటి సంగతి చీమలు చూసుకుంటున్నాయి.

మా నాటిక ఆఖరిది. రాత్రి పదకొండూ పదికి పిలిచారు.
తెలుగు గనక ఆఖరన్నారు కొందరు,
చీటీల్లో అలాగే వచ్చిందన్నాడు సెక్రటరీ.
నాకు రెండూ నమ్మబుద్ధేసింది.

తెలుగు మాట్లాడతాను నేను. రాయడం రాదు.
బరంపురం పెద్దబజారు వెనక, మా వీధిలో
మగ్గం గుంటలో కాళ్ళు పెట్టుకుని తాత తిట్టిన తిట్లు,
బేరాల్లో అమ్మ ఆడిన అబద్ధాలు,
అన్నీ తెలుగే.
బడిలో మాత్రం
గుండ్రటి తలపాగాలు చుట్టుకున్న ఒడియా అక్షరాలు.
అందుకని నాటికంతా ఆ అక్షరాల్లోనే రాశాను.
ఒళ్ళు మాది, చొక్కా పక్కింటివాళ్ళది.

ఆ రాతలో ఎ-కి ఏ-కి తేడా లేదు.
అక్షరానికి ముందు ఒకటే కొక్కెం.
పొట్టిగా అనాలో సాగదీయాలో
ఇంట్లో విన్నవాడికే తెలుస్తుంది.

అక్క వేషానికి ఎవరూ దొరక్క ఇతిశ్రీని బతిమాలాం.
పాణిగ్రాహి వాళ్ళమ్మాయి, తెలుగు ముక్క రాదు.
పదిహేను రోజులు హాస్టలు మేడ మీద
ఆరేసిన బట్టల మధ్య
నా నోరు చూసి నేర్చుకుంది,
చేదు మందు మింగినట్టు ఒక్కో మాటా.

చివరి సీను. తమ్ముడు సూరత్ రైలెక్కాలి.
మిల్లులో పని, ముందే అడ్వాన్సు తినేశారు.
మగ్గం నేను చూసుకుంటాను, నువ్వు వెళ్ళు,
అనాలి అక్క.
లైటు ఆమె మొహం మీదికొచ్చింది.
'నువ్వు వేళ్ళు' అంది.

ముందు వరసల్లో ఎవరికీ ఏమీ అవలేదు.
వెనక ప్రహరీ ఎక్కి కూర్చున్న మా వీధి గుంటలు గొల్లుమన్నారు.
ఒకడైతే చెయ్యెత్తి అయిదు వేళ్ళూ ఆడించాడు.
తెర తాడు నా చేతిలో ఉంది.
సిగ్గుతో లాగడం మరిచిపోయాను.
ఆ ఆరేడు క్షణాలూ
ఇతిశ్రీ కదల్లేదు.
తప్పని తెలీదు కదా,
అన్న మాట మీదే నిలబడింది.
గోడ మీద నవ్వు దానంతటదే ఆగింది.

బహుమతి ఛత్రపురం వాళ్ళ మూకాభినయానికి.
న్యాయమే, వాళ్ళకి అక్షరాల గొడవ లేదు.

ఇప్పుడు కుళాయి దగ్గర మొహం కడుక్కుంటూ
ఒడియాలో అడుగుతోంది, ఎందుకు నవ్వారని.
చేతివేళ్ళు చూపించాను.
'అంతేనా?'
చెట్టువి కూడా అన్నాను, నేల కిందికి చూపిస్తూ.
పౌడరు సగం కడిగిన మొహంతో
కాసేపు నా చూపుడువేలు వైపే చూసి
'రెండూ ఒకేలా రాసింది నువ్వు,
నవ్వింది నన్నా?' అంది.

నా దగ్గర జవాబు లేదు.
జేబులో మడతపెట్టిన కాగితం ఉంది,
చెమటకి సిరా పాకిన ఆ ఒక్క కొక్కెం ఉంది.

సీమాంచల్ జనరేటరు ఆపేశాడు.
ఆగగానే, మూడు రోజులుగా లేదనుకున్న సముద్రం
మొగలి పొదల అవతల నుంచి వినపడింది.
చీకట్లో ఎవరో కుర్చీలు లాగుతున్నారు.
ఈసారి ఏడువందల నలభైరెండు వచ్చాయట.
బైరాగి బూతు తిట్టి
మళ్ళీ మొదలెట్టాడు.